వేటకు ముందు వాకబు

వరలక్ష్మీ వ్రతం రోజు వాయనం పుచ్చుకోడానికి వచ్చిన స్నేహితురాలు ఒకావిడ, నానబెట్టిన శనగలు నోట్లో వేసుకుంటూ, "మీ వాడు కూడా వేటకెళ్తున్నాడట కదండీ, మీరెలా ఒప్పుకున్నారు?" అని అడిగేసింది. హాల్లో ఉన్న ఎనిమిది మంది ఆడవాళ్ళూ మాటలాపి నా వైపు చూశారు. లోపల పులిహోర కలుపుతున్న మా అత్తయ్యగారు కూడా చెయ్యి ఆపేశారు. అమ్మవారి ఎదురుగా కూర్చుని మాట్లాడే విషయమా ఇది? "ఒప్పుకోలేదు, అలాగని కాదనలేదు కూడా" అని నవ్వేసి, తాంబూలం చేతిలో పెట్టి పంపించాను.

ఆవిడ ఈ బ్లాగు చదువుతుంది. అడిగినదాంట్లో తప్పు లేదు. అసలు నేనే ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటున్న రోజులవి. దొరికింది కాబట్టి రాస్తున్నాను.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. మేముండేది కొలరాడోలో, డెన్వర్ శివార్లలో. మా పక్కింట్లో డెబ్బై దాటిన అమెరికన్ పెద్దాయన ఉంటారు. ఆరేళ్ళ క్రితం, ఆయన తెల్ల కాగితంలో చుట్టిన మాంసం పొట్లం ఒకటి తెచ్చి ఇచ్చారు. ఎల్క్ అన్నారు. మన కణుజు ఉంటుంది చూడండి, దానికి పెద్దన్న అనుకోండి. మగది మూడు వందల కిలోల పైన తూగుతుంది. నేను దాన్ని గోంగూరలో వండాను. కొవ్వు అన్నదే లేదు. మేకమాంసం లెక్కన నూనె వేస్తే గిన్నెకి అంటుకుంది. రెండో సారి నూనె పెంచి, కుక్కర్లో ఇంకో మూడు విజిల్స్ ఎక్కువ రానిచ్చాక దారికొచ్చింది. మా వారు రెండు ముద్దలు తిని, "ఇది ఎక్కడ దొరుకుతుంది?" అని పక్కింటికి వెళ్ళారు. అప్పుడు వెళ్ళిన మనిషి ఇప్పటికీ పూర్తిగా తిరిగి రాలేదని నేను అందరితో చెప్తుంటాను.

ఆయనా విల్లు కొన్నారు. రాముడి విల్లు కాదు, చివర్లలో చక్రాలు, తీగలు ఉండే కాంపౌండ్ విల్లు. వేట పాఠాల క్లాసుకి వెళ్ళి పరీక్ష రాశారు. ఈ రాష్ట్రంలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు మామూలుగా ఆ సర్టిఫికెట్ లేకుండా వేట లైసెన్సు కొనలేరు. ఇండియాలో 1972 చట్టం నీడలో పెరిగిన మనకి వేట అంటే పోలీసు కేసు గుర్తొస్తుంది. ఇక్కడ దానికో ఆఫీసు, లైసెన్సు, తారీఖులు, సవాలక్ష నిబంధనలు. తినదగిన మాంసాన్ని కొండ మీద వదిలేసి వస్తే అది నేరం. నూట పాతికేళ్ళ క్రితం ఇష్టమొచ్చినట్టు చంపి చంపి, ఈ రాష్ట్రంలో ఎల్క్‌ల్ని దాదాపు తుడిచిపెట్టేశారట. 1910ల నుంచి పక్కనున్న వయోమింగ్ వైపు నుంచి రైళ్ళలో తెచ్చి వదిలారు. ఇవాళ రెండున్నర లక్షలకు పైనే ఉన్నాయి, ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. అవి మళ్ళీ పెరగడానికి, వాటిని చూసుకోవడానికి అయ్యే డబ్బులో పెద్ద వాటా వేటగాళ్ళ లైసెన్సులదే. 1937 నాటి ఒక చట్టంతో మొదలై తుపాకుల మీద, తర్వాత విల్లుల మీద కూడా వసూలు చేసే పన్ను మరికొంత. ఇది నాకు మొదట మింగుడు పడలేదు. ఇప్పటికీ సగమే పడింది.

సరే, అసలు సంగతి. విల్లుతో వేట సెప్టెంబరు మొదట్లో మొదలై నెలాఖరుకి అయిపోతుంది. కానీ ఇంట్లో ఆడవాళ్ళకి అది జూలైలోనే మొదలవుతుంది. ఎందుకంటే వేట కంటే ముందు స్కౌటింగ్ ఉంటుంది. జంతువులు ఎక్కడ మేస్తున్నాయి, ఎక్కడ నీళ్ళు తాగుతున్నాయి, పగలు ఏ చెట్ల నీడన పడుకుంటున్నాయి, ఏ దారిన పోయి ఏ దారిన వస్తున్నాయి అని చేతిలో విల్లు లేకుండా వెళ్ళి చూసి రావడం.

మా అమ్మకి ఫోన్లో ఇది వివరించలేక చచ్చి, చివరికి "పిల్లని ఇచ్చే ముందు ఊళ్ళో వాకబు చేస్తాం కదమ్మా, అలా" అన్నాను. వెంటనే అర్థమైపోయింది. నిజంగా అంతే. మంచి వాకబుకి వెళ్ళినవాడు తిన్నగా పెళ్ళికొడుకు ఇంటికి వెళ్ళి తలుపు కొట్టడు. ఊరి చివర టీ బడ్డీ దగ్గర కూర్చుంటాడు. ఎల్క్‌ల విషయంలోనూ తెలిసినవాళ్ళు వాటి మధ్యలోకి వెళ్ళరు. లోయకి ఇవతలి గట్టున కూర్చుని బైనాక్యులర్స్‌తో అవతలి గట్టుని చూస్తారు. మరీ దగ్గరకి వెళ్ళి మనిషి వాసన వదిలొస్తే, రేపు అవి ఆ లోయే ఖాళీ చేసి పోతాయి.

మరి ఆ జూలై, ఆగస్టు శనివారాలు ఎవరి ఖాతాలోవి? ఇక్కడ నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. సెప్టెంబరులో వారం రోజులు సెలవు పెట్టి వెళ్తే అది అందరికీ కనిపిస్తుంది. స్కౌటింగ్ కనిపించదు. "పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తా" అంటారు. అలా ఆరు శనివారాలు. అదే శ్రావణ మాసం. వ్రతం, పేరంటాలు, రాఖీకి ఆడపడుచు రాక, పిల్లల స్కూళ్ళు తెరవడం, అన్నీ ఆ ఆరు వారాల్లోనే. మొదటి రెండేళ్ళు నేను మౌనంగా మోశాను. మూడో ఏడు క్యాలెండర్ తెచ్చి బల్ల మీద పరిచి, "మీకు మూడు శనివారాలు. ఏ మూడో మీరే తేల్చుకోండి. మిగతావి ఇంటివి" అన్నాను. ఆయనకి కోపం రాలేదు. ఎంత ఖర్చు పెడుతున్నారో ఆయనకే తెలియదు, పాపం. మగవాళ్ళు డబ్బు లెక్క చూసినంత బాగా శనివారాల లెక్క చూడరు.

రెండోది ఫ్రిజ్ మీద కాగితం. వేటగాళ్ళకి తమ చోటు పరమ రహస్యం. తోడు వెళ్ళే స్నేహితుడికి తప్ప ఎవరికీ చెప్పరు. మా వారు మొదట్లో నాకూ చెప్పలేదు. "ఐ-70 మీద వెళ్ళి, సొరంగం దాటి, సిల్వర్‌థార్న్ దగ్గర తిరుగుతాం" అంటే సరిపోతుందనుకున్నారు. సరిపోదు. పోయినేడు ఆగస్టులో ఒక మధ్యాహ్నం పక్కింటి పెద్దాయన మాటల మధ్యలో, "ఆ రోజు పిడుగుల్లో మీ ఆయన అదృష్టవంతుడు" అన్నారు. ఏ రోజు? ఏ పిడుగులు? ఇంటికొచ్చి నాతో "వాన పడింది" అని మాత్రమే చెప్పిన రోజు. చెట్లు లేని శిఖరం మీద ఉండగా ఉరుములు మొదలై, వీపు మీది సంచి వదిలేసి కిందికి పరిగెత్తారట. పదకొండు వేల అడుగుల ఎత్తున వేసవి మధ్యాహ్నం ఏమవుతుందో ఈ రాష్ట్రంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

నేను ఆ రోజు గొడవ పడలేదు. రెండు రోజులు పడలేదు. మూడో రోజు పడ్డాను. అప్పటి నుంచి మా ఫ్రిజ్ మీద కాగితం ఉంటుంది. కారు ఎక్కడ పెడతారు, ఏ కొండ, ఎన్నింటికి దిగుతారు, ఎన్నింటికల్లా కబురు రాకపోతే నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి. సెల్‌ఫోన్ అందని చోట్లకి శాటిలైట్ మెసేజ్ పంపే చిన్న పెట్టె ఒకటి కొన్నాం. లైసెన్సుతో పాటు కట్టే డబ్బులో పావు డాలరు కొండల్లో తప్పిపోయినవాళ్ళని వెతికే నిధికి వెళ్తుంది. ఆ పావు డాలరు వేరేవాళ్ళకి ఖర్చవ్వాలి, మనకి వద్దు అన్నాను. మీ ఇంట్లో వేట లేకపోవచ్చు. ట్రెక్కింగ్ ఉంటుంది, బైకు ఉంటుంది. కాగితం పెట్టించండి.

ఇప్పుడు మా వాడి సంగతి. వాడికి పద్నాలుగు. ఇక్కడ పన్నెండేళ్ళు నిండితే పెద్ద జంతువుల వేటకి లైసెన్సు ఇస్తారు. పదహారు నిండేదాకా పక్కన ఒక పెద్దవాడు, ఒకరికొకరు కనిపించేంత, వినిపించేంత దగ్గరలో ఉండాలి. వాడు వసంతంలోనే క్లాసు పూర్తి చేశాడు. విల్లు లాగే బలం కనీసం 35 పౌండ్లు ఉండాలని నిబంధన, వాడు 40 లాగుతున్నాడు. ఇరవై గజాల దూరంలో నురుగు బొమ్మకి ఐదు బాణాలేస్తే నాలుగు అరచేతి మేరలో తగులుతున్నాయి. తండ్రి పొంగిపోయి, "ఈ సెప్టెంబరులో వీడికీ లైసెన్సు తీసేద్దాం" అన్నారు.

నాకు కడుపులో దేవినట్టయింది. ఎందుకో వెంటనే చెప్పలేకపోయాను. మాంసం తినే ఇల్లే మాది. స్టోరులో ప్లాస్టిక్ ట్రేలో కొనేటప్పుడు రాని దిగులు ఇప్పుడెందుకు అని మా వారు అంటే నా దగ్గర మాట లేదు. అత్తయ్యగారి దగ్గర ఉంది. "పసివాడి చేత నోరులేని దాన్ని చంపిస్తారా?" అన్నారు ఆవిడ, ఆర్నెల్ల వీసా మీద వచ్చినవారు, నాలుగు నెలలు గడిచాయి, ఈ రెండు నెలలూ ప్రశాంతంగా గడిస్తే బావుణ్ణని నేను మొక్కుకుంటున్నాను.

వ్రతం అయిన మర్నాడు శనివారం. అది ఆయన మూడింటిలో రెండోది. "నేనూ వస్తాను" అన్నాను. తండ్రీకొడుకులిద్దరూ నన్ను చూసిన చూపు మర్చిపోలేను.

రాత్రి రెండున్నరకి బయల్దేరాలి. ముందు రోజు తలంటుకుని, సాంబ్రాణి పొగ పట్టించుకుని, కొబ్బరినూనె రాసుకున్న జడ నాది. గుమ్మం దగ్గర మా వారు ఒక్కసారి గాలి పీల్చి, "ఈ జడతో వస్తే లోయలో ఉన్నవన్నీ యూటా వెళ్ళిపోతాయి" అన్నారు. మళ్ళీ తలస్నానం, అర్ధరాత్రి, వాసన లేని సబ్బుతో. ఇది వెటకారం కాదని తర్వాత తెలిసింది. ఎల్క్ కంటిని మోసం చెయ్యొచ్చు, చెవిని కూడా కొంతవరకు మోసం చెయ్యొచ్చు, ముక్కుని చెయ్యలేమట. అందుకే వాళ్ళు జేబులో చిన్న పౌడరు సీసా పెట్టుకుంటారు. నొక్కితే విభూతిలా తెల్లటి పొడి గాల్లోకి లేస్తుంది, ఎటు పోతే అటు గాలి. తెల్లవారుజామున చల్లగాలి బరువుగా కొండ మీంచి కిందికి దిగుతుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కాక అదే గాలి కింది నుంచి పైకి లేస్తుంది. కాబట్టి పొద్దున్న ఎక్కడ కూర్చున్నామో తొమ్మిది దాటాక అక్కడ కూర్చోకూడదు. పొయ్యి మీద పొగ ఎటు పోతుందో చూసుకుని కిటికీ తెరిచే మనకి ఇందులో వింతేముంది? మా వాడు మాత్రం దాన్ని నోటుబుక్కులో బొమ్మ వేసుకున్నాడు.

సిల్వర్‌థార్న్ దాటాక ఎటు తిరిగామో చెప్పను. నా కాపురం నాకు ముఖ్యం.

తలకి కట్టుకున్న లైటు వెలుతురులో గంటంబావు ఎక్కాం. పదివేల అడుగులు దాటాక ప్రతి ఇరవై అడుగులకీ నేను ఒక పైన్ చెట్టుని పట్టుకుని నిలబడ్డాను. మా వాడు విసుక్కోకుండా ఆగాడు. ఇంట్లో పిలిస్తే ఇయర్‌ఫోన్లు తియ్యని పిల్లాడు, అక్కడ నా సంచి కూడా వాడే మోశాడు. ఆరింటికి గట్టు మీద కూర్చున్నాం. మాట్లాడకూడదు. నేను ముప్పావుగంట మాట్లాడకుండా కూర్చోగలనని పెళ్ళయిన పదిహేడేళ్ళలో మా వారికి మొదటిసారి తెలిసింది.

వెలుగొచ్చింది. అవతలి గట్టు మీద పచ్చిక. అంతవరకు బండరాళ్ళు అనుకున్నవి కదిలాయి.

పధ్నాలుగు లెక్కపెట్టాను. అన్నీ ఆడవి, పిల్లలు. వెనక తెల్లగా, పాత పరుపు రంగులో తోక చుట్టూ మచ్చ. ఒక కుర్ర మగది దూరంగా. దాని కొమ్ముల మీద ఇంకా మఖమల్ గుడ్డలా తోలు ఉంది. వసంతంలో రాలిపోయిన కొమ్ములు వేసవంతా రోజుకి అంగుళం దాకా పెరుగుతాయట. ఆగస్టు చివరికి ఆ తోలు చెట్లకి రుద్దుకుని వదిలించుకుంటాయి. పెద్ద మగవి ఇంకా పైన వేరే ఉన్నాయి, సెప్టెంబరులో జత కట్టే కాలానికి కిందికి దిగి అరుస్తాయి అని మా వారు చెవిలో చెప్పారు. వేటగాళ్ళు ఎదురుచూసేది ఆ అరుపు కోసమే. మేం విన్నది అది కాదు. తల్లులు సన్నగా, పిల్లి కూనలా ఏదో అంటున్నాయి. పిల్లలు కీచుమని జవాబిస్తున్నాయి. ఒక పిల్ల వెనకబడితే తల్లి ఆగి వెనక్కి చూసి పిలిచింది. అది పరిగెత్తుకొచ్చి పొదుగులో మూతి పెట్టింది.

మా వాడు బైనాక్యులర్స్ దించి, గుసగుసగా తండ్రిని అడిగాడు, "నాన్నా, మన లైసెన్సుకి ఆ తల్లిని కొట్టొచ్చా?"

"కొట్టొచ్చు. మగదైనా ఆడదైనా ఒకటి" అన్నారాయన.

"మరి ఆ పిల్ల?"

మా వారు జవాబు చెప్పలేదు. పౌడరు సీసా నొక్కి గాలి చూస్తున్నట్టు చూశారు. ఆ నిమిషంలో నాకు నా జవాబు దొరికింది.

ఈ ప్రశ్న వాడికి ఆగస్టులో, ఖాళీ చేతులతో, అర మైలు దూరంలో కూర్చున్నప్పుడు వచ్చింది. సెప్టెంబరులో, విల్లు లాగి, ఇరవై గజాల్లో, గుండె చెవుల్లో కొట్టుకుంటున్నప్పుడు వచ్చి ఉంటే? అప్పుడు ఆలోచించుకునే సమయం ఉండదు. చేతులు వణుకుతాయి. బాణం తగిలిన జంతువు సినిమాలోలా అక్కడే పడిపోదు. సరైన చోట తగిలితే నిమిషం లోపే, ఓ వంద గజాల్లో అయిపోతుంది. అంగుళాలు తప్పితే అది కొండలు దాటి పోతుంది, వీళ్ళు రక్తపు చుక్కలు వెతుక్కుంటూ చీకటి పడేదాకా తిరుగుతారు, ఒక్కోసారి దొరకనే దొరకదు. పక్కింటి పెద్దాయనకి అలాంటిది ఒకటుంది. యాభై ఏళ్ళ వేటలో కొట్టినవాటి గురించి ఆయన పెద్దగా చెప్పరు. దొరకని ఆ ఒక్కదాని గురించి మాత్రం మూడుసార్లు చెప్పారు నాకు.

అందుకే నా అభిప్రాయం. పిల్లాడికి విల్లు లాగే బలం వచ్చిందా, గురి కుదిరిందా అన్నది చివర చూడాల్సిన సంగతి. పన్నెండేళ్ళు, 35 పౌండ్లు, ఒక సర్టిఫికెట్, ఇవి ప్రభుత్వం గీసిన కింది గీతలు. పది పాసవడానికి 35 మార్కులు లాంటివి. మనం పిల్లల్ని 35 కోసం చదివించం కదా? వేట చేయించాలంటే ముందు ఒక వేసవంతా, ఒక సెప్టెంబరంతా, చేతిలో ఏమీ లేకుండా కొండెక్కించాలి. చూడాలి, లెక్కపెట్టాలి, జాడ తియ్యాలి, గాలి తెలుసుకోవాలి, కాళ్ళు నొప్పెట్టాలి. ఏమీ చంపకుండా ఇంటికి రావడం అలవాటవ్వాలి. ఎలాగూ ఇక్కడ విల్లుతో వెళ్ళిన పదిమందిలో ఎనిమిది మందికి పైగా ఖాళీ చేతులతోనే వస్తారు. ఖాళీ చేతులతో రావడం ఓటమి కాదని ముందు తెలియని పిల్లాడు, చివరి రోజు సాయంత్రం ఆత్రంలో వెయ్యకూడని బాణం వేస్తాడు. పిల్లాడే కాదు, పెద్దవాళ్ళూ వేస్తారు.

ఇంకోటి కూడా ఆ రోజే చూశాను. మా వారు ఒక అందమైన లోయ చూపించి, "పోయినేడు ఇక్కడే మంచి మగది కనిపించింది, వదిలేశా" అన్నారు. ఎందుకంటే కారు మూడు మైళ్ళ దూరం, మధ్యలో రెండు ఎక్కుళ్ళు. వెనక తొడ ఒక్కటే పాతిక ముప్పై కిలోలు. మొత్తం వీపు మీద మోసుకురావడానికి నాలుగైదు విడతలు. సెప్టెంబరు ఎండలో మాంసం అంతసేపు ఆగదు. స్కౌటింగ్ అంటే ఎక్కడ కొట్టాలో చూసుకోవడం అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎక్కడ కొట్టకూడదో తేల్చుకోవడం కూడా అట. వంటింట్లో ఫ్రీజరు ఖాళీ చేసే మనిషిగా ఆ మాట నాకు బాగా నచ్చింది.

పదకొండున్నరకి పడమటి కొండ వెనక తెల్లటి మబ్బు ఒకటి దొంతరగా లేచింది. మా వారు, "ఇంకొక్క గట్టు..." అన్నారు. నేను లేచి సంచి భుజానికి వేసుకున్నాను. వాదన లేదు. దిగి కారెక్కేసరికి ఉరుము వినపడింది.

ఇంటికొచ్చాక జరిగింది ఇంకా బావుంది. మా వాడు ఫోన్లో తీసిన ఫోటోలు నానమ్మకి చూపిస్తున్నాడు. బెరడు ఊడిన లేత చెట్టు, కొండ వాగు పక్కన బురద గుంట, ఓ పేడకడి. "ఇది ఎల్క్ వేసిందే నానమ్మా, కొత్తదో పాతదో తెలీలేదు" అన్నాడు. అత్తయ్యగారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఆవిడ కృష్ణా జిల్లాలో పన్నెండు గేదెల పాడి ఉన్న ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. "ఇది నిన్న సాయంత్రందిరా. పైన పొర కట్టింది, అంచు ఎండింది, మధ్యలో ఇంకా మెత్తగానే ఉంది చూడు. ఇంత జారుగా ఉందంటే పచ్చి మేతే తింటోంది, ఎండు గడ్డి కాదు. దగ్గర్లో లేత పచ్చిక ఉండుంటుంది" అన్నారు. నిజమే, వేసవిలో పచ్చగడ్డి మేసినప్పుడు ఎల్క్ పేడ అలాగే మెత్తగా పడుతుంది, చలికాలంలో గోలీల్లా ఉంటుంది. మా వాడు నోరు తెరిచాడు. ఇంకో ఫోటో తీశాడు. ఆ బురద గుంట చూసి, "గేదె పొర్లినట్టే ఉందే" అన్నారావిడ. మగ ఎల్క్ సెప్టెంబరులో పొర్లేది అక్కడే. చిన్నప్పుడు తప్పిపోయిన పెయ్యని వాళ్ళ నాన్న గిట్టల గుర్తు పట్టుకుని రెండూళ్ళ అవతల దొరికించుకున్న కథ చెప్పారు. నేను ఆ ఇంటి కోడలినై పదిహేడేళ్ళు, ఈ కథ నాకెప్పుడూ చెప్పలేదు.

చంపడం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు ఆవిడ. "జాడ తియ్యడం విద్య. అది నేర్చుకో. మిగతాది మీ నాన్న పాపం" అన్నారు. మరి మూడు రోజుల ముందు ఎల్క్ కైమా వేపుడు రెండోసారి వడ్డించుకున్న సంగతి నేను గుర్తు చెయ్యలేదు. కోడలికి కొన్ని తెలియనట్టుండాలి.

రాత్రి మా వారితో మాట్లాడాను. ఆయన వాదనలో బలం లేకపోలేదు, అది కూడా రాయాలి. "వచ్చే ఏడు హైస్కూలు. ఆటలు, స్నేహితులు. అప్పుడు నాతో కొండెక్కుతాడా? ఇప్పుడు అడుగుతున్నాడు, ఇప్పుడే ఇవ్వాలి. నువ్వు ఆగమంటున్న ఏడాదిలో వాడు ఫోన్లోకి పోతే మళ్ళీ దొరకడు" అన్నారు. ఆ భయం నాకూ ఉంది. పద్నాలుగేళ్ళ కొడుకు తండ్రితో గంటల తరబడి పక్కన కూర్చునే చోటు ఈ దేశంలో ఇంకోటి నాకు తెలీదు. అయినా, వాడు నిజంగా కోరుకుంటున్నది ఆ పక్కన కూర్చోవడమే అయితే విల్లు లేకపోయినా వస్తాడు, విల్లు కోసమే అయితే ఇంకా ఆగాలి అన్నాను. ఆయన చాలాసేపు పైకప్పు చూశారు. "ఆ పిల్ల గురించి అడిగినప్పుడు నేనేమైనా చెప్పుండాల్సింది" అన్నారు చివరికి.

మర్నాడు ఆ ప్రశ్న పక్కింటి పెద్దాయన్ని వాడే అడిగాడు. "సెప్టెంబరుకి పిల్లలకి మూడు నెలలు దాటతాయి, మేత నేర్చుకుంటాయి, మందలో ఉంటే చాలావరకు బతుకుతాయి. చట్టం తప్పు కాదు. నేను మాత్రం వెంట పిల్ల ఉన్నదాన్ని ఎప్పుడూ కొట్టలేదు" అన్నారట. "నువ్వేం చేస్తావో నువ్వే తేల్చుకో, కానీ బాణం ఎక్కుపెట్టక ముందే తేల్చుకో" అని కూడా అన్నారట.

వాడికి నా నిర్ణయం నేనే చెప్పాను, తండ్రితో చెప్పించలేదు. ఈ ఏడు లైసెన్సు లేదు. సెప్టెంబరులో నాన్నతో వెళ్ళు, మొయ్యి, చూడు, రాసుకో. వచ్చే ఏడు నువ్వే అడిగితే లైసెన్సు డబ్బులు నేనే ఇస్తాను, సంతకం పెట్టాల్సి వస్తే నేనే పెడతాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. క్లాసులో ఎవడో పన్నెండేళ్ళకే మగ ఎల్క్‌ని కొట్టాడట, వాళ్ళమ్మ మంచిదట. సరే, వాళ్ళమ్మ మంచిదే. ఇప్పటికీ పూర్తిగా క్షమించాడని నేను అనుకోవడం లేదు. నిన్న రాత్రి అన్నం తింటూ మాత్రం, "మూడో శనివారం ఎప్పుడు?" అని క్యాలెండర్ వైపు చూసి అడిగాడు. నన్ను కాదు, గోడని.

ఈ శనివారమే. నేను వెళ్ళడం లేదు, మోకాళ్ళు ఇంకా కుదుటపడలేదు. అత్తయ్యగారు పెరుగన్నం, మాగాయ కట్టిస్తానన్నారు. మాగాయ వాసన కొండంతా కొడుతుంది అని మా వారు, డబ్బా మూత గట్టిగా పెడితే ఏమీ కాదు అని ఆవిడ. ఫ్రిజ్ మీది కాగితం ఈసారి మా వాడు నింపాడు. చోటు పేరు, కొండ పేరు, దిగే టైము పదకొండు అని. పదకొండు కింద రెండు గీతలు గీశాడు.